ఆఫీసు పని కంప్యూటర్‌కు ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ ఆపాలి

ప్రశ్న: ఇంటి నుంచే నాలుగైదు చిన్న వ్యాపారాలకు లెక్కలు రాసిపెడుతుంటాను. రోజంతా ఎక్సెల్, బిల్లుల సాఫ్ట్‌వేర్, బ్రౌజర్‌లో ఇరవై దాకా ట్యాబ్‌లు, అప్పుడప్పుడు వీడియో కాల్. ఉన్న డెస్క్‌టాప్ తొమ్మిదేళ్ల పాతది. 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్. ఆన్ చేశాక పని మొదలుపెట్టేసరికి పది నిమిషాలు పడుతోంది. రిపేరు చేసే అతను గ్రాఫిక్స్ కార్డుతో సహా ఒక లిస్టు రాసిచ్చాడు. నా దగ్గరున్న డబ్బు దాని ధరలో సగమే. మిగతా సగం వాయిదాల్లో కట్టొచ్చా? లేక సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తున్న ఐ5 కొనుక్కోవాలా?

జవాబు: వాయిదాల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ లిస్టులో గ్రాఫిక్స్ కార్డు ఉన్న వరుస కొట్టేయండి. మీరు చెప్పిన పనుల్లో దాన్ని వాడుకునేది ఒక్కటీ లేదు. రెండు మానిటర్లు పెట్టుకున్నా ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ సరిపోతుంది.

కొనే ముందు ఒక పని చేయండి. ఇప్పటి కంప్యూటర్ నత్తనడక నడుస్తున్నప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో సీపీయూ, మెమరీ, డిస్క్ అని మూడు నిలువు వరుసలు కనబడతాయి. మీ కాన్ఫిగరేషన్‌లో చాలావరకు డిస్క్ 100 శాతం దగ్గర, మెమరీ 90 పైన ఉంటాయి, సీపీయూ మాత్రం 20, 30 మధ్య తిరుగుతుంటుంది. ర్యామ్ (పని సాగుతున్నంతసేపు డేటా పెట్టుకునే మెమరీ) చాలక విండోస్ హార్డ్ డిస్క్‌ను ర్యామ్‌లా వాడుకుంటోందన్నమాట. మీ పది నిమిషాలూ అక్కడే పోతున్నాయి. కాబట్టి డబ్బు పెట్టాల్సింది ఎస్‌ఎస్‌డీకి (హార్డ్ డిస్క్ బదులు వేసే, దానికంటే చాలా వేగమైన డిస్క్), ర్యామ్‌కి. ఖరీదైన ప్రాసెసర్‌కి కాదు.

మరి పాతదానికే ఆ రెండూ వేస్తే? వేగం వస్తుంది, అందులో సందేహం లేదు. కానీ విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో 8వ తరం, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ లేదా తర్వాతివి ఉండాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు కూడా కావాలి. తొమ్మిదేళ్ల నాటి మెషీన్ ఆ గీతకు అవతలే ఉంటుంది. నలుగురి లెక్కలు మీ చేతిలో పెట్టినప్పుడు సెక్యూరిటీ అప్‌డేట్‌లు రాని కంప్యూటర్ మీద పనిచేయడం సరికాదు.

సెకండ్ హ్యాండ్‌కూ ఇదే కొలత. ఐ5 అన్న పేరొక్కటే చూసి కొనకండి, దాని పక్కనున్న అంకె అడగండి. ఐ5-4590 అంటే 4వ తరం, 2014 నాటిది. ఐ5-8500 అంటే 8వ తరం, ఆరు కోర్లు, విండోస్ 11 నడుస్తుంది. రెండోది దొరికితే, కొత్త ఎస్‌ఎస్‌డీ వేసుకుంటే, నిజంగా మంచి బేరమే. ఒకటే చిక్కు: ఆఫీసుల్లో వాడి తీసేసిన చిన్న డబ్బాల్లో పవర్ సప్లై, మదర్‌బోర్డు ఆ కంపెనీ సొంత కొలతల్లో ఉంటాయి. పోతే బయట దొరికే సాధారణ భాగం పట్టదు.

కొత్తది కట్టించుకుంటే ఇంటెల్ కోర్ ఐ3-12100 మీకు చాలు. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. లేదా రైజెన్ 5 5600జీ. ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. 12100ఎఫ్ అని రాసున్న పెట్టె కాస్త చవక. చివర ఆ ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం. అన్నీ బిగించి, బోర్డు మీది హెచ్‌డీఎంఐకి మానిటర్ తగిలించి ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. అప్పుడు గ్రాఫిక్స్ కార్డు కొనక తప్పదు, మిగిలిందనుకున్నదంతా పోయి అదనంగా ఖర్చవుతుంది. అలాగే 5600జీలో ఆ జీ లేకపోయినా ఇదే గతి.

12100కి హెచ్610 చిప్‌సెట్ బోర్డు సరిపోతుంది. వీటిలో డీడీఆర్4 తరం ర్యామ్ పట్టేవి వేరు, డీడీఆర్5 తరానిది పట్టేవి వేరు. ఒకదాని ర్యామ్ ఇంకోదాంట్లో దూరదు కాబట్టి రెండింటినీ ఒకే బిల్లులో రాయించండి. ర్యామ్ స్లాట్లు రెండే ఉంటాయి. మామూలుగా 8 జీబీవి రెండు వేస్తే గ్రాఫిక్స్‌కు కొంచెం మేలు. మీ పనికి ఆ తేడా తెలియదు కనుక నేనైతే 16 జీబీది ఒకటే వేయించి రెండో స్లాట్ ఖాళీగా ఉంచమంటాను. 2025 రెండో సగంలో డేటా సెంటర్ల గిరాకీకి ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. ఆ పోటు మీ బడ్జెట్‌కు తగిలితే ఇప్పటికి 8 జీబీది ఒకటి వేయించుకుని, ధర దిగాక ఇంకో 8 కలపండి.

ఎస్‌ఎస్‌డీ 500 జీబీ, ఎన్‌వీఎంఈ రకం. వేగం అంకెలకు ఎక్కువ డబ్బు పెట్టొద్దు. సెకనుకు 3,500 ఎంబీ అన్నదానికీ 7,000 అన్నదానికీ ఎక్సెల్ తెరుచుకోవడంలో తేడా కనబడదు. తొందరగా అరిగిపోతుందన్న భయమూ వద్దు. ఈ సైజువాటికి 300 టీబీ దాకా రాయొచ్చని హామీ ఇస్తున్న కంపెనీలున్నాయి. రోజుకు 20 జీబీ రాసినా ఏడాదికి 7.3 టీబీయే. ఎన్‌వీఎంఈ ఉండే ఎం.2 ఆకారంలోనే (బోర్డులో నేరుగా దూరే చిన్న పట్టీ) నెమ్మదైన సాటా రకం కూడా ఉంటుంది, కొన్ని బోర్డులు దాన్ని గుర్తించవు.

పవర్ సప్లై దగ్గర మాత్రం నేను పట్టుబడతాను. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చేదాన్ని నమ్మి ఈ కంప్యూటర్ నడపొద్దు. 12100 ఎంత కష్టపడినా 89 వాట్లు మించదు, మొత్తం మెషీన్ 150 దాటడం అరుదు. కాబట్టి 450 వాట్లది చాలు, 650 కొనడం దండగ. కానీ ఆ 450 నిజమైనదై ఉండాలి. పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ గుర్తున్నది తీసుకోండి. స్టిక్కర్ మీద మాత్రమే 450 ఉన్నవాటిలో ఓల్టేజ్ పెరిగినా, షార్ట్ అయినా ఆపేసే రక్షణ సరిగ్గా ఉండదు. మొదట కంప్యూటర్ ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుంది. విండోస్ పాడైందనుకుని రెండుసార్లు ఫార్మాట్ చేయిస్తారు. చివరికి అది పోతూ పోతూ బోర్డునో ఎస్‌ఎస్‌డీనో తీసుకుపోతుంది. దీనికి తక్కువపడితే క్యాబినెట్‌లో తగ్గించండి, గాజు తలుపూ రంగు లైట్లూ లెక్కలు రాయవు.

మానిటర్ పాతది పనిచేస్తుంటే ఈ విడతలో మార్చకండి. అది 1366×768 అయితే మాత్రం తర్వాత చేతికొచ్చే మొదటి డబ్బు దానికే పెట్టండి. 1920×1080లో ఎక్సెల్ నిలువు వరుసలు 40 శాతం ఎక్కువ కనబడతాయి. మంచి మానిటర్ రెండు కంప్యూటర్ల కాలం నిలుస్తుంది.

లిస్టులో లేనివి కొన్నున్నాయి, వాటికి ముందే డబ్బు పక్కన పెట్టండి: విండోస్ లైసెన్స్, బ్యాకప్‌కు ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్, యూపీఎస్. చాలా చవక బోర్డుల్లో వైఫై ఉండదు, కావాలంటే దానికీ ఇంకొంచెం. కొత్త కంప్యూటర్‌తో కలిపి ఇచ్చే ఓఈఎం లైసెన్స్ ఆ బోర్డుకే అంటుకుని ఉంటుంది, విడిగా కొనే రిటైల్ లైసెన్స్‌ను ఇంకో కంప్యూటర్‌కు మార్చుకోవచ్చు. యూపీఎస్ 600 వీఏ ఉంటే ఫైళ్లు సేవ్ చేసి నింపాదిగా ఆపే సమయం దొరుకుతుంది.

ఇక వాయిదాలు. వడ్డీ లేదన్న మాట పక్కన పెట్టి రెండు అంకెలు అడగండి: నగదుకు ఎంత, వాయిదాల్లో ఫీజులన్నీ కలిపి ఎంత. నగదు ధర 100 అనుకుందాం. మీరు 50 ఇప్పుడు కట్టి, మిగతాదానికి నెలనెలా 12 నెలల్లో 58 కడితే, పైకి 8 ఎక్కువ కట్టినట్టే ఉంటుంది. కానీ మీరు తీసుకున్న అప్పు 50, అదీ నెలనెలా తగ్గుతూ పోతుంది. అలా లెక్కేస్తే అది ఏటా సుమారు 28 శాతం వడ్డీ. గ్రాఫిక్స్ కార్డు తీసేసి, ప్రాసెసర్ దించి, మానిటర్ వాయిదా వేస్తే మీ చేతిలోని డబ్బుకు చాలా దగ్గరికి వస్తారు. ఇంకా తగ్గితే రెండు మూడు నెలలు ఆగి కొనండి. ఆపద కోసం దాచిన డబ్బు ముట్టుకోవద్దు.

బిల్లులో ప్రతి భాగం విడిగా, సీరియల్ నంబర్‌తో రాయించండి. మొత్తం కలిపి ‘కంప్యూటర్ ఒకటి’ అని రాస్తే మూడో ఏట ఎస్‌ఎస్‌డీ వారంటీ అడగడానికి చేతిలో కాగితం ఉండదు. ప్రాసెసర్ సీల్ ఉన్న పెట్టెలోనే తీసుకోండి, ట్రేలోంచి విడిగా ఇచ్చేదానికి సాధారణంగా తయారీదారు వారంటీ మీకు రాదు.

ఇంటికొచ్చిన రోజే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో ఎస్‌ఎస్‌డీ నడిచిన గంటలు చూడండి. కొత్తదైతే సున్నా దగ్గర ఉంటుంది, వందల్లో ఉంటే ఎవరో వాడి ఇచ్చిందే. ఆ రాత్రి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెట్టి వదిలేయండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ర్యామ్ మార్పించాల్సిందే. తిరిగిచ్చే గడువు ముగిసేలోపే ఈ రెండూ తేల్చుకోండి.

పాత డబ్బా అమ్మితే హార్డ్ డిస్క్ మాత్రం తీసి ఉంచుకోండి. క్విక్ ఫార్మాట్ చేసినా అందులోని ఫైళ్లు వెనక్కి తీయొచ్చు, అవి మీ క్లయింట్ల లెక్కలు.