విత్తన బిల్లు మీద వరంగల్ రైతు మాట ఢిల్లీకి చేరుతుందా?

దారి ఉంది, గ్యారంటీ లేదు. కేంద్రం 2014లో పెట్టుకున్న విధానం ప్రకారం ముసాయిదా బిల్లును కనీసం 30 రోజులు జనం ముందుంచాలి. అది చట్టం కాదు, అందుకే తప్పించుకోవడం తేలిక. 2020 సాగు చట్టాలు ముందు ఆర్డినెన్సులుగానే (పార్లమెంటు సమావేశాల్లో లేనప్పుడు ప్రభుత్వం తెచ్చే తాత్కాలిక చట్టాలు) వచ్చాయి. 1966 చట్టం స్థానంలో తేవాలనుకున్న విత్తన బిల్లుకు మాత్రం 2025 డిసెంబరు 11 వరకు అభిప్రాయాలు అడిగారు.

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చే రైతు అడిగేదొక్కటే: విత్తనం మొలవకపోతే పరిహారం ఎవరిస్తారు, ఎన్నాళ్లలో? ఉత్త ‘బిల్లు వద్దు’ అని రాస్తే లెక్కలో కలుస్తుంది, అంతే. క్లాజు నంబరు వేసి, ఏ మాట మార్చాలో రాయాలి. విత్తన ప్యాకెట్, రశీదు ఫొటోలు జతచేస్తే ఇంకా బలం (మనోళ్లు ఆ రశీదే అడగరు!). బిల్లు పార్లమెంటు కమిటీకి వెళ్తే, కమిటీ అభిప్రాయాలు పిలిచినప్పుడు మళ్లీ పంపొచ్చు.