పుట్ట తేనెటీగ పెట్టెలో నిలుస్తుందా?

ప్రశ్న: మాది పాడేరు దగ్గరి ఊరు. కాఫీ తోట చుట్టూ కుంకుడు, చింత చెట్లున్నాయి. చలికాలంలో వలిసెలు పూస్తాయి. చెట్టు తొర్రలోని పుట్ట తేనెటీగలను రెండుసార్లు పెట్టెలోకి మార్చాను. రెండుసార్లూ నెల తిరక్కుండానే లేచిపోయాయి. ఇటాలియన్ ఈగలు కొనుక్కోమంటున్నారు. ఏది మేలు?

జవాబు: మీ తోటకు పుట్ట తేనెటీగే తగినదని నా నమ్మకం. దక్షిణ భారతంలో సహజంగా పెరిగే ఈ ఉపజాతిని శాస్త్రవేత్తలు ఎపిస్ సెరానా ఇండికా అంటారు. పూత కరువైనా, మైనపు పురుగు పట్టినా, చీమలు చేరినా, ఊరికే కదిలించినా గూడు వదిలి వెళ్లడం దీని స్వభావం. అందుకని తొర్రలోని పట్లలో (ఈగలు కట్టిన మైనపు గదుల పలకల్లో) పిల్లలున్న వాటిని తప్పక చట్రాలకు కట్టి పెట్టెలో ఉంచండి. పిల్లలున్న గూటిని ఈగలు అంత తేలికగా విడిచిపోవు. కొద్ది రోజులు రాణి బయటికి రాకుండా ద్వారానికి జల్లెడ తలుపు అమర్చి, సాయంత్రం పూట చక్కెర పాకం పెట్టి, స్టాండు కాళ్లను నీటి గిన్నెల్లో ఉంచండి. ఇటాలియన్ ఈగల కోసం చేసిన పెద్ద పెట్టె వీటికి పనికిరాదు. చిన్న గుంపు కప్పలేని పట్లలో మైనపు పురుగు చేరుతుంది. తేనె మొత్తం పిండుకోకుండా వానాకాలానికి సరిపడా వదలడం అన్నిటికన్నా ముఖ్యం.

దిగుబడి తక్కువన్నది నిజమే. పుట్ట తేనెటీగ పెట్టెకు ఏడాదికి మూడు నుంచి ఐదు కిలోలు వస్తే, 1962లో హిమాచల్‌లోని నగ్రోటాలో స్థిరపడిన ఇటాలియన్ ఈగ అంతకు ఎన్నో రెట్లు ఇస్తుంది. అయితే పొద్దుతిరుగుడు నుంచి నువ్వు చేలకు పెట్టెలను లారీల్లో తిప్పగలవారికే ఆ లాభం దక్కుతుంది. పైగా వరోవా పేనుకు ఇటాలియన్ గుంపులు మందు లేకుండా తట్టుకోలేవు. పుట్ట తేనెటీగ ఆ పేనుతో యుగాలుగా కలిసి బతికింది. పుట్ట తేనెటీగల్లో ఆ పేను శ్రామిక ఈగల పిల్లల మీద దాదాపు వృద్ధి చెందదు, పెద్ద ఈగలు ఒంటిమీది పేలను ఏరి కొరికి పారేస్తాయి.

పుట్ట తేనెటీగకున్న అసలు శత్రువు, గూటిలోని పిల్లలను చంపే థాయ్ సాక్‌బ్రూడ్ వైరస్. 1991–92లో అది కేరళ, కర్ణాటక, తమిళనాడుల్లోని పెట్టెలను చాలావరకు ఖాళీ చేసింది. దీనికి మందు లేదు కనుక దూరప్రాంతాల గుంపులను కొని తేకుండా, మీ అడవిలో బతికి బట్టకట్టిన గుంపులనే పెంచండి. గదుల్లో పిల్లలు తల పైకెత్తి, నీళ్లు నిండిన సంచుల్లా చచ్చి కనిపిస్తే ఆ పట్టును వేరే పెట్టెలోకి మార్చవద్దు. రెండు రకాలనూ ఒకే తోటలో ఉంచే ఆలోచనా మానుకోండి. పూత లేని రోజుల్లో ఇటాలియన్ ఈగలు పుట్ట తేనెటీగల గూళ్లను దోచుకుంటాయి.