పిలుపు అంటోంది, కాదనలేకపోతున్నాను

ప్రశ్న: మా అమ్మాయి బీఏ ఇంగ్లిష్ పూర్తిచేసి పది నెలలైంది. ఇంగ్లిష్‌లో క్రైస్తవ నవల రాస్తోంది, అమెరికా ప్రచురణ సంస్థలకు పంపుతానంటోంది. ఇప్పటికి ఆరో అధ్యాయంలో ఉంది. పక్కన బ్లాగు నడుపుతోంది, వారానికి రెండు పోస్టులు. ఉద్యోగం ఊసెత్తితే 'ఇది దేవుని పిలుపు నాన్నా' అంటుంది. ఎంఏలో చేర్చాలా, బీఈడీ చేయించాలా, ఇంకో రెండేళ్లు ఇలాగే వదిలేయాలా? ఈమధ్య ఒక సంస్థవాళ్లు ఫోన్ చేసి, తన పుస్తకం ఎంపికైందనీ, రూ.1,80,000 కడితే ఆరు నెలల్లో వేస్తామనీ చెప్పారు. కట్టేస్తే దాని ముచ్చట తీరిపోతుంది కదా అనిపిస్తోంది. మీకు రాస్తున్నట్టు తనకు తెలియదు.
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: అయ్యా, ముందు ఆ డబ్బు కట్టకండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ప్రచురణలో డబ్బు ప్రచురణకర్త దగ్గర్నుంచి రచయితకు రావాలి. ఎదురు కట్టమంటే అది ప్రచురణ కాదు, అచ్చువేసి పెట్టే పని. ఆ పని కావాల్సినవాళ్లు కట్టుకోవచ్చు, తప్పులేదు. కానీ దానికి 'ఎంపిక' అని పేరు పెడితేనే అనుమానించాలి. ఆ ప్యాకేజీ కాగితం తీసి చూడండి. ఐఎస్‌బీఎన్‌కి (పుస్తకం గుర్తింపు సంఖ్యకు) ఇంత, కాపీరైట్‌కి ఇంత అని ఉంటుంది. మన దేశంలో ఐఎస్‌బీఎన్‌ను రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. సాహిత్య రచనకు కాపీరైట్ నమోదు రుసుము రూ.500. అసలు నమోదు చేయకపోయినా, రాసిన క్షణం నుంచే హక్కు రాసినవాళ్లదే. ఇంకో నష్టం కూడా ఉంది. ఆ పుస్తకం ఒకసారి బయటికొస్తే అది ప్రచురితమైనదే. తర్వాత అదే నవలను 'ఎక్కడా రాలేదు' అని, రచయిత తరఫున ప్రచురణ సంస్థలతో మాట్లాడే అమెరికా ఏజెంటుకు పంపడం కుదరదు. ముచ్చట తీర్చడం అంటున్నారే, తీరేది ఆ నవల అవకాశమే.

ఇక మీ అసలు బాధ. ఎంఏనా, బీఈడీనా అన్నది మీకు పెద్ద చిక్కు కాదు. కూతురు 'దేవుని పిలుపు' అంది. విశ్వాసిగా మీరు కాదనలేరు, తండ్రిగా ఔననలేరు. ఆదివారం మందిరంలో 'పాప ఏం చేస్తోంది?' అని ఎవరైనా అడిగితే 'ఉద్యోగం చూస్తోంది' అని తప్పించుకుంటున్నారు. ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తుంటాయి. ఒక ఇంట్లో పిలుపు సేవకు, ఇంకో ఇంట్లో పాటలకు, మీ ఇంట్లో నవలకు. భయం మాత్రం ఒకటే.

పిలుపు అంటే జీతం వద్దని కాదు. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో పౌలు డేరాలు కుట్టుకుంటూనే ప్రకటించాడు. మన జాషువా గారు బడిలో పాఠాలు చెప్పారు, మద్రాసు రేడియోలో పనిచేశారు. ఆయన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మీ అమ్మాయిని పిలుపు విషయంలో ప్రశ్నించకండి. రోజుకు ఎన్ని గంటలు, ఎన్ని పదాలు అని అడగండి. అది అడిగే హక్కు మీకుంది.

నేనే లెక్క వేసి చూస్తాను. పది నెలల్లో వారానికి రెండు చొప్పున సుమారు 86 పోస్టులు. ఒక్కోటి 800 పదాలనుకున్నా దాదాపు 69,000 పదాలు. నవలలో ఆరు అధ్యాయాలు, ఒక్కోటి 3,000 అనుకుంటే 18,000. అమెరికాలో ఈ తరహా నవల మామూలుగా 80,000 నుంచి 1,00,000 పదాలు ఉంటుంది. అంటే ఆమె ఈ పది నెలల్లో దాదాపు నవలకు సరిపడా రాసేసింది, బ్లాగులో. ఖాళీగా కూర్చున్న పిల్ల కాదండీ మీ అమ్మాయి. తప్పుడు కుండలో నీళ్లు పోస్తోంది, అంతే.

ఈ బ్లాగు మోజు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. 'ముందు పాఠకుల్ని కూడగట్టు, తర్వాతే ప్రచురణకర్త నీవైపు చూస్తాడు' అని ఇప్పుడు ప్రతి ఆన్‌లైన్ క్లాసులోనూ చెబుతున్నారు. ధ్యానాలు, కుటుంబ జీవితం, పిల్లల పెంపకం లాంటి కథేతర పుస్తకాలకు అది చాలావరకు నిజం. ఫలానా మనిషి మాట వినేవాళ్లు ఎంతమంది అన్నదే అక్కడ సరుకు. తొలి నవలకు ముందు చూసేది మొదటి పేజీలు, ఆ తర్వాత నవల పూర్తయిందా అన్నది. కొత్త రచయిత నవల పూర్తిచేయకుండా ఏజెంటును అడగడమే దండగ. బ్లాగుకు 'ఆమెన్', 'చాలా బాగుంది అక్కా' అని రాసేవాళ్లలో ఎక్కువమంది స్నేహితులు, సంఘంవాళ్లు, తనలాగే రాసుకుంటున్న ఇతర బ్లాగర్లు. పుస్తకం కొనే అమెరికా పాఠకురాలు వాళ్లలో ఎందరున్నారో ఆమెనే లెక్కపెట్టమనండి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. రాసిన వెంటనే మెప్పు దొరికే అలవాటు పడితే, ఏడాదిపాటు ఎవరికీ చూపకుండా రాయాల్సిన నవల చేదుగా అనిపిస్తుంది.

బ్లాగు మూసేయమనను. రెండు వారాలకు ఒకటి చాలు. నవల అధ్యాయాలు అందులో పెట్టకూడదు, పెడితే మొదటి ప్రచురణ హక్కు దగ్గర చిక్కొస్తుంది. తను రాసే తరహా నవలలు చదివి వాటి గురించి రాస్తే ఆ పాఠకులు కొద్దికొద్దిగా చేరతారు. అలా చేరినవాళ్ల ఈమెయిల్ జాబితా ఒక్కటే చివరికి పనికొచ్చేది. ఆ జాబితాకు ప్రచార ఉత్తరాలు పంపితే, అమెరికా చట్టం ప్రకారం అడుగున ఒక పోస్టల్ చిరునామా ఉండాలి. ఆడపిల్ల ఇంటి చిరునామా అక్కడ పెట్టొద్దు. ఇంటికి బదులు వేరే ఏ చిరునామా చెల్లుతుందో ముందు కనుక్కోండి. ఇది మీరు చేసిపెట్టగల పని.

నవల 90,000 పదాలనుకుంటే, మిగిలిన 72,000 పదాలకు రోజుకు 500, వారానికి ఐదు రోజులు రాస్తే 29 వారాలు. తిరగరాయడానికి ఇంకో మూడు నాలుగు నెలలు. బెథనీ హౌస్, రెవెల్, థామస్ నెల్సన్, జోండర్వన్, టిండేల్ లాంటి సంస్థలు ఏజెంటు లేకుండా నేరుగా పంపినవి సాధారణంగా చూడవు. అందుకని ఒక పేజీ పరిచయ లేఖ, ముగింపుతో సహా కథంతా చెప్పే ఒకటి రెండు పేజీల సారాంశం, మొదటి మూడు అధ్యాయాలు సిద్ధం చేసి, ఒకేసారి 50 మందికి కాకుండా ఎనిమిది పదిమంది ఏజెంట్లకు పంపాలి. అందరూ వద్దంటే తప్పు లేఖలోనో మొదటి పేజీల్లోనో ఉన్నట్టు. దిద్దుకుని రెండో విడత పంపవచ్చు. 50 మందికీ పంపేస్తే దిద్దుకోవడానికి ఎవరూ మిగలరు. హార్లెక్విన్ వారి లవ్ ఇన్‌స్పైర్డ్ శ్రేణి మాత్రం ఏజెంటు లేకపోయినా తీసుకుంటుంది. కానీ అక్కడ 55,000 పదాలు, ప్రేమకథ, వాళ్ల కొలతలు. రాసి తర్వాత అందులో ఇరికించడం కాదు, ముందే అనుకుని రాయాలి. ఏసీఎఫ్‌డబ్ల్యూ అనే అమెరికా క్రైస్తవ కథా రచయితల సంఘం కొత్తవాళ్ల కోసం జెనెసిస్ పోటీ పెడుతుంది. గెలవకపోయినా న్యాయనిర్ణేతల వ్యాఖ్యలు చేతికొస్తాయి. ఇంట్లోవాళ్ల మెప్పు కన్నా అవి విలువైనవి.

ఏజెంటు దొరికి, ప్రచురణకర్త ఒప్పుకున్నాక కూడా పుస్తకం రావడానికి ఏడాది నుంచి రెండేళ్లు. మొత్తం మూడు నాలుగేళ్ల మాట. డబ్బు సంగతి కూడా ఊహగా వేద్దాం. 6,000 డాలర్ల అడ్వాన్సు అనుకోండి. ఏజెంటుకు 15 శాతం, అంటే 900. విదేశీయులు అమెరికా పన్ను కోసం ఇచ్చే డబ్ల్యూ-8బెన్ ఫారం, అందులో పాన్ నంబరు ఇస్తే రాయల్టీపై అమెరికా పన్ను 15 శాతం, ఇంకో 900. ఆ ఫారం ఇవ్వకపోతే 30 శాతం పట్టుకుంటారు. చేతికి 4,200. డాలరు 85 రూపాయలనుకుంటే రూ.3,57,000, అదీ రెండు మూడు వాయిదాల్లో. మూడేళ్లకు పంచితే నెలకు పదివేలు కూడా నిండదు. ఆ అడ్వాన్సు అమ్మకాల్లో తీరేదాకా మళ్లీ పైసా రాదు.

అందుకే ఉద్యోగం కావాలి. నవలను చంపడానికి కాదు, మూడేళ్లు బతికించడానికి. ఎంఏ ప్రవేశ పరీక్షలూ బీఈడీ ఎడ్‌సెట్టూ మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. నా ఓటు బీఈడీకి. టీచరుకు సాయంత్రాలుంటాయి, సెలవులుంటాయి. ఎంఏ చదివినంతమాత్రాన నవల రాయడం రాదు, పరీక్షల ముందు మాత్రం ఆగిపోతుంది. చాలామంది సలహా ఇచ్చే కంటెంట్ రైటర్ ఉద్యోగం ఈ పిల్లకు వద్దంటాను. పగలంతా కంపెనీ కోసం 2,000 పదాలు రాసినవాళ్లకు రాత్రి తమ కోసం 500 మిగలవు.

ఆమెకు రెండు మాటలు చెప్పాలి. కథ మధ్యలో ప్రసంగం రాకూడదు. చివరి అధ్యాయంలో అందరూ మోకాళ్లూని మారుమనస్సు పొందేస్తే అమెరికా క్రైస్తవ ఎడిటరుకు కూడా విసుగే. కథానాయిక విశ్వాసం ఆమె తీసుకునే నిర్ణయాల్లో కనబడాలి. అధ్యాయానికో వచనం పెడుతుంటే ఏ అనువాదమో చూసుకోమనండి. ఎన్ఐవీ (న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్ అనే ఇంగ్లిష్ బైబిల్) అయితే 500 వచనాల దాకా, అవి పుస్తకంలో నాలుగోవంతు కన్నా తక్కువగా, ఒక పూర్తి గ్రంథం కాకుండా ఉంటే రాతపూర్వక అనుమతి అక్కర్లేదు. కానీ కాపీరైట్ వాక్యం అచ్చువేయాలి. కొత్త ఆరాధన పాటల చరణాలు మాత్రం అనుమతి లేకుండా ఒక్కటీ వద్దు.

మీకో మాట, కటువుగానే. ఉత్తరమంతా చదివాను. ఆమె నవల దేని గురించో ఒక్క ముక్క లేదు. రూ.1,80,000 కట్టడానికి సిద్ధపడ్డారు గానీ ఆరు అధ్యాయాలు చదవడానికి ఒక సాయంత్రం కేటాయించలేదు. పైగా ఆమెకు తెలియకుండా నాకు రాశారు. ఇది ఆమెకు చూపించండి, ఆ లెక్కలు ఆమెనే సరిచూడమనండి. ఆ డబ్బులో కొంత పెట్టి ఒక మంచి కుర్చీ, కరెంటు పోయినా కంప్యూటర్ ఆగకుండా యూపీఎస్ కొనండి.

ఆ సంస్థవాళ్లు మళ్లీ ఫోన్ చేస్తారు. కోప్పడకుండా ఒక్కటే అడగండి: 'మా అమ్మాయి నవల పదో అధ్యాయంలో ఏం జరుగుతుందండీ?'