కంటి కింద కోత ఎక్కడ?

ప్రశ్న: కాయలు దింపిస్తుంటే మా ఆయన ముఖం మీద కొబ్బరికాయ పడింది. కంటి గూటి అడుగు ఎముక విరిగింది. పైకి చూస్తే ఒకటి రెండుగా కనిపిస్తోందంటున్నారు. కింది రెప్ప దగ్గర కోసి ఆపరేషన్ చేస్తారట. మచ్చ పడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, అంబాజీపేట

జవాబు: అమ్మా, మచ్చ కన్నా రెప్ప గురించి ఎక్కువ ఆలోచించండి. వెంట్రుకల కిందే కోస్తే గీత దాదాపు కలిసిపోతుంది. కానీ రెప్ప కిందికి లాగి బయటికి తిరిగే ప్రమాదం దీనికే ఎక్కువ. అప్పుడు కన్ను సరిగా మూసుకోదు, నీరు కారుతూనే ఉంటుంది. ఎండలో, తోటల్లో తిరిగే మనిషికి అది నరకం. కాస్త కిందుగా, ముడత వెంట కోస్తే ఆ భయం తక్కువ, గీత కొంచెం తెలుస్తుంది. రెప్ప లోపలి ఎర్రపొర గుండా వెళ్తే బయట మచ్చే ఉండదు. అరుదుగా రెప్ప లోపలికి తిరిగి వెంట్రుకలు గుచ్చుకుంటాయి. అయినా నా మొగ్గు దీనికే, మీ సర్జన్‌కు అది అలవాటైన పద్ధతైతే. ఆ మాట నేరుగా అడగండి, మొహమాటపడొద్దు.

ఈలోగా ఆయన్ని ముక్కు చీదనివ్వకండి, గాలి కంటి గూటిలోకి వెళ్తుంది. చూపు తగ్గినా, కన్ను ఉబ్బి గట్టిపడినా అర్ధరాత్రైనా సరే ఆస్పత్రికి తీసుకెళ్లండి.