నాలుగు వారాల మొహమాటం ఖరీదు 31 వేలు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మూడెకరాల కొబ్బరితోట, రెండెకరాల వరిచేను ఉన్నాయి. మా అబ్బాయి డబ్లిన్‌లో మాస్టర్స్ చదువుతున్నాడు. ఫీజుకి బ్యాంకు విద్యారుణం ఉంది, ఖర్చులకు నేనే పంపుతున్నాను. ఒక ఐరిష్ కుటుంబం ఇంట్లో గది తీసుకున్నాడు. వారానికి 200 యూరోలు. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం టిఫిను, రాత్రి భోజనం వాళ్లే పెడతారు. అయినా నెలకు లక్షా పాతిక వేలు చాలడం లేదు. మొన్న నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చి పంపాను. తెలుగు కుర్రాళ్లు ఉంటున్న ఇంటికి మారితే నెలకు 650 యూరోలే అంటున్నాడు. మారమనాలా?

జవాబు: ఇప్పుడే వద్దండి. మీరు పంపిన బ్యాంకు స్టేట్‌మెంట్ చూశాను. నాలుగు వారాల్లో గదికి 800 యూరోలు, బయట తిండికి 310, బస్సుకు 80, ఫోనుకు 20, చిల్లరమల్లర 60. మొత్తం 1,270. యూరో వంద రూపాయలే అనుకున్నా (నిజానికి కాస్త ఎక్కువే) లక్షా ఇరవై ఏడు వేలు, అదీ 28 రోజులకే. రెండు పూటల తిండికి ముందే డబ్బు కట్టినవాడు బయట 31 వేలు ఎందుకు తిన్నాడో అర్థం కాక, మీరు ఇచ్చిన నంబరుకి ఫోన్ చేసి అబ్బాయినే అడిగాను.

చేరిన కొత్తలో ఆ ఇంటామె "ఇంకాస్త వడ్డించనా?" అని అడిగిందట. మనవాడు మర్యాదకి వద్దన్నాడు. మన కోనసీమలో అయితే వద్దన్నాక అసలు వడ్డన మొదలవుతుంది. మూడోసారి అడిగినప్పుడు గానీ ఎవరూ సరే అనరు. అక్కడ ఒక్కసారే అడుగుతారు, వద్దంటే వద్దనే. ఆవిడ ఆ రోజు నుంచి అంతే పెడుతోంది. వీడు అర్ధాకలితో గదిలోకి వెళ్లి ఫోన్‌లో బిర్యానీ ఆర్డరిస్తున్నాడు. తిరగమాత వాసన వాళ్లకి పడుతుందో లేదోనని వంటింట్లో అడుగుపెట్టడు. శనాదివారాలు ఇంట్లో ఉండటానికి ఇబ్బందిగా ఉందని పొద్దుటే బయటపడతాడు. బయటికెళ్తే కాఫీ దగ్గర్నుంచి ప్రతిదీ డబ్బే. మొహమాటం మీద మన సామెత ఒకటుంది, అది ఇక్కడ రాసేది కాదు లెండి.

అందుకని ఈ ఆదివారం ఆవిడతో కూర్చుని నాలుగు మాటలు మాట్లాడమన్నాను. వంటిల్లు ఏ వేళల్లో వాడుకోవచ్చు, ఫ్రిజ్‌లో ఒక అర ఇస్తారా, మధ్యాహ్నానికి బాక్సు కట్టుకోవచ్చా, ఖాళీ చేయాలంటే ఎన్ని వారాల ముందు చెప్పుకోవాలి. ఆఖరిది కాగితం మీద ఉండాలి. ఇంటివాళ్లు ఉంటున్న ఇంట్లోనే గది తీసుకుంటే ఐర్లాండ్ చట్టం మామూలు అద్దెదారుగా లెక్కించదు, ఆ దేశపు అద్దెల బోర్డు రక్షణ వర్తించదు. డబ్బు కట్టినట్టు రసీదు అడగడానికి కూడా జంకక్కర్లేదు. సొంతింట్లో గది అద్దెకిస్తే ఏడాదికి 14,000 యూరోల దాకా అక్కడ పన్ను ఉండదు. మీవాడు కట్టేది 10,400 మాత్రమే, ఆవిడకి దాచుకోవలసిన పని లేదు.

ఇక ఆ 650 యూరోల గది. దానికి కరెంటు, గ్యాస్, నెట్ వాటా, సరుకులు కలపండి. ఎంత పొదుపుగా వండుకున్నా 900 దాటుతుంది. ఇప్పుడు కడుతున్నది నెలకు సుమారు 867. పైగా అడ్వాన్సు కట్టాలి, అగ్రిమెంటు ఇంకెవరి పేరునో ఉంటుంది. నా దగ్గరికొచ్చే ఒక కుటుంబం ఇలాగే నెల అడ్వాన్సు పోగొట్టుకుంది. మనవాళ్ల మధ్య ఉండాలని మనసు లాగితే వేరే సంగతి, అది తప్పు కాదు. కానీ డబ్బు మిగులుతుందని మాత్రం మారొద్దు.

బస్సు సంగతి చిన్నదే. విద్యార్థి లీప్ కార్డు (అక్కడి ప్రయాణ కార్డు) ఉంటే 2 యూరోల టికెట్టు 1 యూరోకే వస్తుంది. ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదట.

ఇవన్నీ సర్దుకుంటే నెలకు 1,150 యూరోలు చాలు. ఒకటో తారీఖున ఒక్కసారి పంపండి, ఫోన్ వచ్చినప్పుడల్లా పంపకండి. మీ కొబ్బరికాయల దింపు డబ్బు రెండు నెలలకోసారి వస్తుంది, వాడి అద్దె వారం వారం పడుతుంది. మీకు అప్పు పుట్టిస్తున్నది ఈ తేడాయే. దింపు అయిన వెంటనే రెండు నెలల ఖర్చు వేరే ఖాతాలో వేసి ముట్టుకోకండి. దాళ్వా (రెండో పంట వరి) డబ్బు రాగానే దాన్ని మూడు నెలలకు పెంచండి.

వాడి పార్ట్‌టైమ్ సంపాదన ఈ లెక్కలో నేను కలపలేదు. చదువు రోజుల్లో వారానికి 20 గంటలు మించి చేయకూడదు. పీపీఎస్ నంబరు (పన్నులకీ ప్రభుత్వ సేవలకీ అక్కడ మనిషికొకటి ఇచ్చే నంబరు) లేకుండా చేరితే జీతంలోంచి ఎమర్జెన్సీ ట్యాక్స్ అని ఎక్కువ పన్ను కోస్తారు. ఆ నంబరుకి చిరునామా రుజువు కావాలి. ఇంటామె పేరు మీదున్న కరెంటు బిల్లు, అబ్బాయి తమ ఇంట్లోనే ఉంటున్నాడని ఆవిడ రాసిచ్చే కాగితం పనికొస్తాయి. ఇదీ నోరు తెరిచి అడగాల్సిందే.

మీవైపు ఒక పొరపాటు కనిపించింది. బ్యాంకు ఫారంలో డబ్బు పంపే కారణం దగ్గర "కుటుంబ పోషణ" అని టిక్ పెట్టి ఉంది. ఇకనుంచి "విదేశీ విద్య" అని పెట్టించండి. ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన సొమ్ముపై టీసీఎస్, అంటే పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను, పడుతుంది. కుటుంబ పోషణకైతే 20 శాతం, చదువుకైతే చాలా తక్కువ. విద్యారుణం నుంచి వెళ్లే ఫీజుకి 2025 ఏప్రిల్ 1 నుంచి అసలు లేదు. పట్టుకున్నది తిరిగొస్తుంది గానీ దానికి రిటర్న్ వేయాలి. వ్యవసాయ ఆదాయమే కదా అని మీరు ఎప్పుడూ వేసి ఉండరు, ఈ ఏడాది వేయించండి.

చికెన్ పచ్చడి, నెయ్యి పార్సిల్ చేద్దామని మీ ఇంట్లో అనుకుంటున్నారని అబ్బాయి చెప్పాడు. ఐరోపా సమాఖ్య దేశాల్లోకి బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు రానివ్వరు, పారేస్తారు. ఆవకాయ పంపండి.

ఆ రెండు రూపాయల అప్పు ఏడాదికి 24 శాతం. వచ్చే దింపు దాకా ఆగకుండా, బ్యాంకులో బంగారం పెట్టయినా ఈ వారమే తీర్చేయండి.