కిటికీ పెట్టె: ఫిల్మ్ అంటించాలా, ఖాళీగా వదిలేయాలా?

ప్యాకింగ్ సంగతులు – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఇంట్లో పూతరేకులు చుట్టించి అమ్ముతున్నాం. 10 పట్టే పెట్టెకు పైన లోపలి సరుకు కనబడేలా కిటికీ కోయించాలని ఉంది. దానికి పారదర్శక ప్లాస్టిక్ ఫిల్మ్ వేయిస్తే గాలి తగలదు కాబట్టి రేకు మెత్తబడకుండా ఉంటుంది కదా? మామూలు డప్లెక్స్ బోర్డు సరిపోతుందా?
– కొత్తపేట, కోనసీమ జిల్లా

జవాబు: ఫిల్మ్ వేయించండి. గాలి ఆగుతుందని మాత్రం వేయించకండి, ఆగదు. ఫిల్మ్ మూసేది కిటికీని మాత్రమే. మూత అంచులు, మడతల మూలలు, అడుగున రెక్కలు కలిసే చోటు అన్నీ తెరిచే ఉంటాయి. పైగా అట్ట తనంతట తాను తేమ పీల్చి లోపలికి వదులుతుంది. వానాకాలంలో కిటికీకి ఎంత మందం ఫిల్మ్ వేసినా రేకు చెమ్మగిల్లి ఒకదానికొకటి అతుక్కుంటుంది. ఫిల్మ్ ఆపేది మూడింటిని: దుమ్ము, ఈగ, కొనేవాళ్ల వేలు. చీమను కూడా ఆపదు, దానికి మూత సందు చాలు.

తేమను ఆపాల్సింది లోపలి కవరు. ఒక్కో పూతరేకును బటర్ పేపర్‌లో చుట్టి, పదింటినీ సీల్ చేసిన కవరులో పెట్టి, ఆ కవరును పెట్టెలో పెట్టాలి. అలాంటప్పుడు కిటికీకి ఫిల్మ్ దేనికి అని మీకు అనుమానం రావచ్చు. ఖాళీ కిటికీలోంచి కవరు ఉబ్బి బయటికి వస్తుంది, పక్క పెట్టె మూల గుచ్చుకుని చిరుగుతుంది. అందుకే వేయాలి. అసలు కవరు ముడతల మీద వెలుగు పడి లోపలి సరుకు సరిగా కనబడదు కూడా. మా సలహా ఏమిటంటే, ఒకటి రెండు రోజుల్లో అమ్ముడుపోయే దుకాణం సరుకుకు బటర్ పేపర్, ఫిల్మ్ కిటికీ చాలు. కొరియర్‌లో ఊళ్లు దాటే సరుకుకు సీల్ కవరు పెట్టి, కిటికీ లేని పెట్టె వాడండి. దారిలో ఆ కిటికీలోంచి చూసేవాళ్లెవరూ ఉండరు.

బోర్డు సంగతి. వెనక బూడిదరంగు ఉండే డప్లెక్స్ పాత కాగితం గుజ్జుతో చేసేది, నెయ్యి ఉన్న సరుకును నేరుగా దాని మీద పెట్టకూడదు. కొత్త గుజ్జుతో చేసిన ఫోల్డింగ్ బాక్స్ బోర్డు 300 నుంచి 350 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు)లో అడగండి, పైగా అడుగున బటర్ పేపర్ పరవండి. నెయ్యి మరక మొదట కనిపించేది కిటికీ అంచులోనే. అక్కడ అట్ట కోసిన పచ్చి అంచు ఉంటుంది, పైన కోటింగ్ ఉండదు, ఒత్తిలా పీల్చేస్తుంది. ఫిల్మ్‌ను లోపలివైపు నుంచి అంటిస్తారు కాబట్టి ఆ అంచు సరుకుకు తగలకుండా ఉంటుంది. తినే సరుకుకు ఫిల్మ్ వేయించడానికి ఇంకో మంచి కారణం ఇదే.

ఫిల్మ్ అమ్మేవాళ్లను ఆహారానికి పనికొస్తుందన్న ధ్రువపత్రం అడిగి తీసుకోండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) 2018 ప్యాకేజింగ్ నిబంధనల ప్రకారం పెట్ (పాలిస్టర్ రకం) ఫిల్మ్‌కు భారతీయ ప్రమాణం ఐఎస్ 12252, పాలీప్రొపిలీన్‌కు ఐఎస్ 10910, పెట్టె మీద అచ్చు సిరాకు ఐఎస్ 15495 వర్తిస్తాయి. ఇంకొక్క మాట: మిఠాయి పెట్టె చుట్టూ బయట చుట్టే ప్లాస్టిక్ ఫిల్మ్ 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. కిటికీకి లోపల అంటించే ముక్క పేరు ఆ జాబితాలో లేదు. రెండూ ఒకటేనని ఎవరైనా మిమ్మల్ని భయపెడితే జాబితా చూపించమనండి.

ప్రశ్న: చేత్తో చేసే సబ్బులు రెండు రకాలు అమ్ముతాను. కోల్డ్ ప్రాసెస్‌వి (నూనె, క్షారం కలిపి ఉడికించకుండా చేసేవి) కొన్ని, బేస్ (తయారుగా దొరికే సబ్బు ముద్ద) కరిగించి అచ్చుల్లో పోసేవి కొన్ని. రెండింటికీ ఒకే ఫిల్మ్ కిటికీ పెట్టె వాడితే సబ్బు మీద నీటిబొట్లు కనిపిస్తున్నాయి. ఏం చేయాలి?
– తెనాలి

జవాబు: ఒకే పెట్టె కొలత ఉంచుకోండి, రెండింటికీ ఒకే పద్ధతి మాత్రం వద్దు.

కోల్డ్ ప్రాసెస్ సబ్బును 4 నుంచి 6 వారాలు ఆరబెడతారు. ఆ తర్వాత కూడా అది మెల్లగా నీరు వదులుతూనే ఉంటుంది. దీనికి ఖాళీ కిటికీ హాయి. సబ్బు ఊపిరి తీసుకుంటుంది, కొనేవాళ్లకు వాసన అందుతుంది. సువాసన చూసి కొనే సరుకుకు ఫిల్మ్ అడ్డం పెట్టడం అమ్మకాన్ని చేజేతులా తగ్గించుకోవడమే. కిటికీ మాత్రం చిన్నది చాలు: 20 నుంచి 25 మి.మీ. వెడల్పు. పెద్దదైతే గోరు పెట్టి గీకి చూసేవాళ్లు తప్పకుండా ఉంటారు.

బేస్‌తో పోసినవాటిలో గ్లిజరిన్ ఎక్కువ, అది గాలిలో తేమను లాక్కుంటుంది. మీరు చూసిన బొట్లు అవే. సబ్బులోంచి వచ్చిన నీరు కాదు, గాలిలోంచి వచ్చినది. కిటికీకి ఫిల్మ్ వేసినా ఆగవు, పైన పూతరేకులకు చెప్పిన కారణమే. అచ్చులోంచి తీసి చల్లారగానే సబ్బును ష్రింక్ ఫిల్మ్‌లో బిగుతుగా చుట్టాలి. చుట్టాక పెట్టె కిటికీకి మళ్లీ ఫిల్మ్ అక్కర్లేదు. అంటే రెండు రకాలకూ ఖాళీ కిటికీయే, తేడా అంతా లోపల.

వెనీలా వాసన కలిపిన సబ్బు ఎలాగూ గోధుమరంగుకు తిరుగుతుంది, అది కిటికీ తప్పు కాదు. ఎండ పడే అద్దాల బీరువాలో పెడితే మిగతా రంగులు కిటికీ ఆకారంలోనే వెలిసిపోతాయి. దుకాణదారుకు ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: చిన్న ప్రెస్ మాది. చేత్తోనే విండో పేస్టింగ్ (కిటికీకి ఫిల్మ్ అంటించడం) చేస్తాం. 300 జీఎస్ఎం బోర్డు, 40 మైక్రాన్ (మి.మీ.లో వెయ్యో వంతు ఒక మైక్రాన్) బీఓపీపీ (పాలీప్రొపిలీన్ ఫిల్మ్), నీటి గమ్. కిటికీ 100×70 మి.మీ. మర్నాటికి ఫిల్మ్ అలలు తేలుతోంది, కొన్ని మొత్తానికే ఊడిపోతున్నాయి. ఫిల్మ్ మానేసి ఖాళీగా ఇవ్వమంటారా?
– విజయవాడ

జవాబు: మానేయక్కర్లేదు. మీకున్నవి రెండు వేర్వేరు జబ్బులు.

ముందు అలలు. గమ్‌లో నీరు తగలగానే అట్ట ఉబ్బుతుంది, గ్రెయిన్‌కు (అట్టలో పీచు సాగిన దిశకు) అడ్డంగా ఎక్కువ, నిలువుగా తక్కువ. ఉబ్బి ఉన్నప్పుడు ఫిల్మ్ అంటుకుంటుంది. ఆరాక అట్ట తిరిగి కుంచించుకుంటుంది, ఫిల్మ్ కుంచించుకోదు. మిగిలిన ఫిల్మ్ ఎక్కడికి పోతుంది, అలగా లేస్తుంది. అలలన్నీ ఒకే దిశలో ఉన్నాయేమో చూడండి. ఉంటే కారణం ఇదే. గమ్‌ను అంచంతా పూయకుండా 3, 4 మి.మీ. సన్నటి గీతగా, పలచగా వేయండి. బోర్డును కట్ట విప్పి ఒక రోజు ముందే పేస్టింగ్ గదిలో పెట్టండి. 40 మైక్రాన్ బదులు 100 మైక్రాన్ పెట్ వాడండి. అంటించినవాటిని 50 చొప్పున దొంతర పెట్టి పైన బల్లపరుపుగా తేలికపాటి బరువు ఉంచండి. తొందరగా ఆరాలని వేడిగాలి మాత్రం కొట్టకండి. బీఓపీపీ వేడికి ముడుచుకుంటుంది.

మందం పెరిగితే ఖర్చు పెరుగుతుందని వెనకాడతారేమో, లెక్క చూడండి. మీ కిటికీకి నాలుగు వైపులా 10 మి.మీ. చొప్పున వదిలితే ఫిల్మ్ ముక్క 120×90 మి.మీ. వస్తుంది. 100 మైక్రాన్ పెట్‌లో ఆ ముక్క బరువు 1.5 గ్రాములు. 1000 పెట్టెలకు కిలోన్నర, కోతలో పోయేది వేరు. 40 మైక్రాన్ బీఓపీపీ అయితే 400 గ్రాముల లోపే. తేడా కిలో పైచిలుకు ఫిల్మ్. అసలు ఖర్చు కూలీది, ఊడిపోయి వెనక్కి వచ్చిన పెట్టెలది.

ఇక ఊడిపోవడం. ఊడిన ముక్కను వెలుగులో పెట్టి చూడండి. గమ్ అంతా అట్ట మీదే ఉండి ఫిల్మ్ శుభ్రంగా వచ్చేసిందంటే లోపం ఫిల్మ్‌లో. బీఓపీపీకి చాలాసార్లు ఒకవైపే కరోనా ట్రీట్‌మెంట్ (గమ్ పట్టేలా విద్యుత్తుతో ఉపరితలాన్ని మార్చడం) ఉంటుంది, మీ కుర్రవాళ్లు రెండో వైపు అంటించి ఉంటారు. లేదా రోల్ చాలాకాలం నిలవుండి ట్రీట్‌మెంట్ దిగిపోయి ఉంటుంది. గమ్ పట్టే గుణాన్ని డైన్లలో కొలుస్తారు, కనీసం 38 ఉండాలి, దానికి డైన్ పెన్ను దొరుకుతుంది. గీత నిలిస్తే సరే, చుక్కలుగా విడిపోతే ఆ వైపు పనికిరాదు. గమ్ ఫిల్మ్‌తో వచ్చేసి అట్ట నున్నగా కనిపిస్తే, లోపలివైపు వార్నిష్‌గాని లామినేషన్‌గాని ఉందన్నమాట. దానికి నీటి గమ్ పట్టదు, వేరే గమ్ అడగాలి. కాగితం పీచు లేచి వచ్చిందా? అంటింపు బ్రహ్మాండంగా ఉంది, ఎవరో గట్టిగా లాగారు.

డై (అట్ట కోసే బ్లేడు అచ్చు) గీయించేటప్పుడే ఇంకొకటి చూసుకోండి. ఫిల్మ్ అంచు క్రీజు (మడత) గీతను తాకకూడదు, కనీసం 3 మి.మీ. ఎడం ఉండాలి. తాకితే పెట్టె మడిచినప్పుడల్లా ఫిల్మ్ ఎగదన్నుతుంది. అంటే కిటికీ అంచు నుంచి క్రీజు దాకా 13 మి.మీ. వదలాలి, 15 వదిలితే నిశ్చింత.

ప్రశ్న: ఏటికొప్పాక బొమ్మలు తీసుకుని హైదరాబాద్, బెంగళూరు దుకాణాలకు పంపుతాం. లక్క మెరుపు చేత్తో తాకి చూడాలని కొనేవాళ్లు అడుగుతారు. ఫిల్మ్ లేకుండా, ముందు నుంచి పక్కకు తిరిగే పెద్ద కిటికీ పెట్టించాం. దొంతర పెడితే పెట్టెలు కుంగిపోతున్నాయి.
– అనకాపల్లి

జవాబు: ఖాళీ కిటికీ పెట్టడం సరైనదే, తప్పు దాని ఆకారంలో ఉంది. పెట్టె బరువు మోసేది నిలువు మూలలు. ముందు నుంచి పక్కకు తిప్పడంతో మీరు ఒక మూలను కోసి పారేశారు. ఫిల్మ్ ఉన్న పెట్టెల్లో మందపాటి పెట్ ఆ లోటు కొంతవరకు పూడుస్తుంది. ఖాళీ కిటికీకి ఆ ఆసరా లేదు. కిటికీని ముందువైపుకే పరిమితం చేసి, చుట్టూ కనీసం 20 మి.మీ. చట్రం వదలండి. పక్క నుంచి కూడా కనబడాలంటే పక్కన విడిగా చిన్న కిటికీ పెట్టండి, మూల అట్ట అలాగే ఉండనివ్వండి. కిటికీ మూలలు లంబకోణంలో వద్దు. 5 మి.మీ. వంపు ఇవ్వండి, చిరుగు మొదలయ్యేది ఆ మూలల్లోనే. బరువైన బొమ్మలకు ఇ-ఫ్లూట్ (మధ్యలో సన్నటి అలల పొర ఉండే) అట్ట మంచిది, కాకపోతే కోసిన అంచులో అలలు కనిపిస్తాయి. కొందరికి నచ్చదు, కొయ్యబొమ్మ పక్కన మాకైతే బాగానే అనిపిస్తుంది.

బొమ్మ కదలకుండా వెనక అట్టకు రెండు 4 మి.మీ. రంధ్రాలు చేసి నూలు తాడుతో కట్టండి. బొమ్మలో ముందుకు పొడుచుకొచ్చే భాగం, అంటే ముక్కుగాని చెయ్యిగాని, కిటికీ కంటే 5 మి.మీ. లోపలికి ఉండాలి. లేకపోతే దారిలో మొదట విరిగేది అదే.

ఖాళీ కిటికీ అంచు నేరుగా కంటికి కనబడుతుంది కాబట్టి పంచింగ్ నాణ్యత ఇక్కడ బయటపడుతుంది. డై బ్లేడు మొద్దుబారితే అంచు పీచులు లేస్తుంది, ఆ పీచు బొమ్మ మీద పడుతుంది. నిక్కుల (కోత ముక్క వెంటనే ఊడకుండా వదిలే చిన్న అతుకుల) దగ్గర చిన్న ముళ్లు మిగులుతాయి. దొంతర సమంగా పేర్చి సన్న ఎమెరీ కాగితంతో ఒక్క రుద్దు రుద్దించండి. నల్లటి అచ్చు ఉన్న డప్లెక్స్ అంచులో బూడిదరంగు గీత కనిపిస్తుంది, అది వద్దనుకుంటే బోర్డు మార్చాల్సిందే.

ఎప్పుడైనా ఫిల్మ్ వేయాల్సి వస్తే లక్క మెరుపుకు మెత్తటి పీవీసీ తగలనివ్వకండి. దానిలోని మెత్తబరిచే రసాయనం పూతలోకి దిగి జిగురు పుట్టిస్తుంది.

ప్రశ్న: పెట్ అని చెప్పి పీవీసీ ఇస్తున్నారని అనుమానం. ఇంట్లో తేల్చుకోవచ్చా?
– వరంగల్

జవాబు: తేల్చుకోవచ్చు. ముందు చిన్న ముక్కను గ్లాసు నీళ్లలో ముంచి, బుడగలు పోయేలా తడిపి వదలండి. తేలితే పాలీప్రొపిలీన్. పెట్, పీవీసీ రెండూ మునుగుతాయి. మునిగితే రెండో పరీక్ష: రాగితీగ కొసను మంటలో ఎర్రగా కాల్చి, ఫిల్మ్‌కు తాకించి, మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా వెలిగితే పీవీసీ. తీగను పటకారుతో పట్టుకోండి, ఆరుబయట చేయండి, ఆ పొగ పీల్చకండి.

ప్రశ్న: ప్లాస్టిక్ వద్దనుకుంటున్నాం. మొక్కజొన్నతో చేసే పీఎల్ఏ ఫిల్మ్ కిటికీకి వాడవచ్చా?
– హైదరాబాద్

జవాబు: వాడవచ్చు, కానీ మే నెల గుర్తుంచుకోండి. పీఎల్ఏ 55–60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఎండలో నిలిపిన మూసిన లారీలో కిటికీ వంకర తిరుగుతుంది. ఇంకో సంగతి, అది పెరట్లో పాతిపెడితే మట్టిలో కలిసిపోయే రకం కాదు. వేడిగా నడిచే పెద్ద కంపోస్టు కేంద్రం కావాలి, మీ కొనుగోలుదారుల ఊళ్లో అది లేకపోతే మామూలు చెత్తే. సెల్యులోజ్ ఫిల్మ్ దీనికంటే తేలిగ్గా కుళ్లుతుంది, కాకపోతే కోటింగ్ లేనిది తేమకు సాగి ముడతలు పడుతుంది. హైదరాబాద్‌లో నెట్టుకురావచ్చు, విశాఖ దుకాణంలో కష్టం. సరుకు ముందే సీసాలోనో సీల్ కవరులోనో ఉంటే ఈ వెతుకులాటే అక్కర్లేదు. కిటికీ ఖాళీగా వదిలేయండి, పాత అట్టలు కొనేవాళ్లు కూడా చింపి వేరుచేసే పని లేకుండా తీసుకుంటారు.