పాట దేవుడిదే, బాణీ మాత్రం మీ అబ్బాయిది

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ రెండో సంవత్సరం. బాణీలు బాగా కడతాడు. మేం వెళ్లే చర్చికి క్రిస్మస్ ఆల్బమ్‌లో 6 పాటలు చేసిచ్చాడు. మొత్తం 30,000 ఇచ్చారు, ఖర్చులు పోను తనకేమీ మిగల్లేదు. ఇప్పుడు నెలకు 15,000 జీతానికి అక్కడే సంగీతం చూసుకోమంటున్నారు. తనేమో సొంత యూట్యూబ్ ఛానల్ పెడతానంటున్నాడు. దేవుడి పాటకు డబ్బులడగొద్దని నేనే ఆపాను. ఏ దారి మంచిది?
ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, జీతమా ఛానలా అని అడిగారు గానీ, సంఘంలో మాట వస్తుందేమోనన్న భయమే మీ ఉత్తరమంతా కనిపిస్తోంది. ఆ ఆల్బమ్‌కు స్టూడియో గంటల లెక్కన తీసుకుంది, తబలా, ఫ్లూట్ వాయించినవాళ్లు తీసుకున్నారు, మిక్సింగ్ చేసినాయన తీసుకున్నాడు. వాళ్లెవరికీ అంటని పాపం బాణీ కట్టిన పిల్లవాడికే ఎందుకంటుతుంది? తన పనిని ఇంట్లోనే తక్కువ చేశారు, ఇకనైనా మానండి. కానుక ఇవ్వాలనిపిస్తే డబ్బు చేతికొచ్చాక తనే వేస్తాడు. దసరాకు అమ్మవారి పాటలు చేసే విజయవాడ కుర్రాళ్లదీ, గుణదల మేరీమాత ఉత్సవాలకు పాటలు చేసేవాళ్లదీ ఇదే చిక్కు.

ఇకనుంచి కొటేషన్‌లో రికార్డింగ్ ఖర్చు వేరు, సంగీతం ఫీజు వేరుగా రాయమనండి. సగం అడ్వాన్సు. మిగతాది అందాకే వేవ్ ఫైల్ (పూర్తి నాణ్యతతో ఉండే రికార్డింగ్), విడి ట్రాకులు (గొంతు, ఒక్కో వాయిద్యం వేర్వేరుగా ఉన్నవి) ఇవ్వాలి. అప్పటిదాకా వినడానికి ఎంపీ3 చాలు.

ఫీజు ఒకటి, హక్కు మరొకటి. కాపీరైట్ చట్టం (1957) ప్రకారం హక్కులు రాసివ్వాలంటే కాగితం, సంతకం ఉండాలి. ఎన్నాళ్లకో రాయకపోతే 5 ఏళ్లే, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే. 2012 సవరణ తర్వాత, రికార్డయిన పాటకు రాయల్టీలో (పాటను వాడుకున్నందుకు వచ్చే డబ్బులో) స్వరకర్త, రచయితల వాటాను వదులుకున్నట్టు రాయించుకున్నా చెల్లదు. కానీ ఆ వాటా ఇంటికి నడిచిరాదు. స్వరకర్తలు, రచయితల తరఫున రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ ఐపీఆర్ఎస్‌లో సభ్యుడిగా చేరి, ప్రతి పాటనూ రచయిత పేరుతో సహా నమోదు చేయాలి. ఆల్బమ్ మీద ఒక పేరు, సభ్యత్వంలో మరో పేరు ఉంటే డబ్బు ఎవరిదో తేలక ఆగిపోతుంది.

ఒక్కటి ముందే తెలుసుకోండి: ఆరాధనలో ఎంతమంది పాడినా రాయల్టీ రాదు. మతపరమైన కార్యక్రమాన్ని చట్టమే మినహాయించింది, అది సబబే. టీవీ, ఆన్‌లైన్, టిక్కెట్టు కచేరీల లెక్క వేరు.

జీతం విషయంలో మెలిక ఉంది. ఒప్పందంలో వేరే రాసుకోకపోతే, ఉద్యోగంలో భాగంగా చేసిన బాణీలకు యజమాని సంస్థే అవుతుంది. అందుకే కొయిర్ నేర్పడానికి, ఆదివారం వాయించడానికి నెల జీతం, కొత్త పాటకు విడిగా ఒప్పందం అడగమనండి. పాత 6 పాటలు తనవేనని పేర్లతో సహా అందులోనే రాయించుకోవాలి.

ఛానల్ మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. ప్రకటనల డబ్బు మొదలవాలంటేనే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి (షార్ట్స్‌కు లెక్క వేరు). భక్తి పాటల గిరాకీ పండగల చుట్టూనే తిరుగుతుంది, ఆ రోజుల్లో జనం పెద్ద సంస్థల ఛానళ్లకే వెళ్తారు. చర్చివాళ్లు ఆల్బమ్‌ను ఇప్పటికే డిస్ట్రిబ్యూటర్‌కు (పాటలను ఆన్‌లైన్ వేదికలకు చేర్చే సంస్థకు) ఇచ్చి ఉంటే, అదే పాటను మీవాడు సొంత ఛానల్లో పెట్టినప్పుడు ఆ పాట తమదేనని కాపీరైట్ క్లెయిమ్ పడొచ్చు, వచ్చే పైసలు అటే పోవచ్చు. రెడీమేడ్ లూపులతో (ముందే రికార్డు చేసి అమ్మే సంగీతం ముక్కలతో) కట్టిన పాటలకూ ఇలాంటి తగాదాలే. పేరున్న పాత పాట పాడి పెడితే ఆ బాణీ వేరేవాళ్లది. పనితనం చూపించుకోవడానికి ఛానల్ పెట్టుకోనివ్వండి, ఇంటి ఖర్చు మాత్రం దాని మీద వేయొద్దు.

కంగారేమీ లేదు, డిగ్రీ పూర్తి కానివ్వండి. ఈలోగా ఆ 6 పాటల మొదటి ఫోన్ రికార్డింగులు తేదీలతో భద్రపరచమనండి. కాపీరైట్ ఆఫీసులో నమోదు తప్పనిసరి కాదు. చేయించుకుంటే సంగీత కృతి ఒక్కోదానికి రుసుము 500 రూపాయలు. జీతానికి ఒప్పుకునే ముందు పాస్టర్ గారితో మాట్లాడాల్సింది మీ అబ్బాయే. మీరు పక్కన కూర్చోండి, మధ్యలో మాత్రం ‘ఎంతిచ్చినా పర్లేదండీ’ అనకండి.